ఉత్తుత్తి క్లచ్

అధ్యక్ష స్థానంలో ఉన్న పళ్ల డాక్టరు గారికీ, ఆయన పక్కన కూచుని నా ప్రసంగం ఎప్పటికి తెములుతుందా అని చేతి గడియారం కేసి చూసుకుంటున్న కోశాధికారి గారికీ, ముందు వరసలోని పెద్దలకీ, వెనక వరసల్లోకి జరిగిపోయిన అసలైన మిత్రులకీ, తలుపు దగ్గర నుంచుని లోపలికి రావాలా వద్దా అని తేల్చుకోలేకపోతున్న మెకానిక్కు గారికీ నమస్కారం. రండి, లోపలికి రండి. ఇవాళ మిమ్మల్ని ఎవరూ ఏమీ అనరు. అనాల్సినవన్నీ తీర్మానంలో రాసేశారు. (నవ్వులు)

ఇప్పటిదాకా మాట్లాడిన నలుగురూ నన్ను తెగ పొగిడారు. పందొమ్మిదేళ్లు ఈ పాతకార్ల సంఘానికి కార్యదర్శిగా ఉన్నాను. ఆ పందొమ్మిదేళ్లలో నాకు దక్కిన మంచి మాటలన్నీ కలిపినా ఇవాళ్టి అరగంట ముందు దిగదుడుపే. మనిషి వెళ్లిపోవడం ఖాయమయ్యాక జనానికి ఎంత ఔదార్యం పుట్టుకొస్తుందో ఇవాళే చూశాను. అధ్యక్షులవారైతే "ఆయన లేని సంఘాన్ని ఊహించుకోలేం" అన్నారు. ఊహించుకోలేకపోయినా పోయిన నెలలో తీర్మానం మాత్రం చేసుకోగలిగారు. అందులో నాలుగు తప్పులున్నాయి. నేనే దిద్ది తిరిగి పంపాను. ఏం చెయ్యను, ముప్పై నాలుగేళ్లు ప్రెస్సులో ప్రూఫులు దిద్దిన చెయ్యి ఇది. నన్ను గెంటేసే కాగితమైనా సరే, ముందు పొల్లులూ దీర్ఘాలే కనిపిస్తాయి.

ఈ ఉద్యోగం సంగతి ఎందుకెత్తానంటే, మీరు నన్ను కార్యదర్శిని చేసింది దాన్ని చూసే. కార్ల గురించి నాకు అప్పుడేమీ తెలియదు, ఇప్పుడూ అంతంతమాత్రమే. నాకు తెలిసిందల్లా మూలప్రతి. రాసినాయన రాసింది రాసినట్టు అచ్చులోకి రావాలి, అక్షరం అటూ ఇటూ కాకూడదు. కార్లకీ అదే పట్టుకున్నాను. ఫ్యాక్టరీ గేటు దాటిన రోజున ఎలా ఉందో అలాగే ఉండాలి. మన నియమాలు మొత్తం ఇరవై రెండు, అందులో పద్దెనిమిది నా చేతి రాతే. అద్దం మారిస్తే మూడు మార్కులు పోయె, సీటు గుడ్డ మారిస్తే ఐదు పోయె, గేరుబాక్సు మారిస్తే ఏకంగా సభ్యత్వమే పోయె. ఒకాయన పాత హారను తీసి కొత్తది పెట్టించుకుంటే, అది మోగిన తీరుని బట్టి వీధి అవతలినుంచే కనిపెట్టి నోటీసు పంపాను. ఆయన ఇక్కడే ఉన్నారు, మూడో వరసలో. నమస్కారమండీ. (నవ్వులు)

ఇక కారు. నా కారు, నా కారు అని ఇన్నాళ్లూ మీ అందరి దగ్గరా చెప్పుకున్నాను గానీ అది నాది కాదు. మా ఆవిడది. ఆవిడ ఇంటింటికీ తిరిగి కాన్పులు చేసిన నర్సు. పాతబడిందని ఆస్పత్రివాళ్లు తీసేస్తున్న కారుని తన జీతంతో కొనుక్కుంది. లేతాకుపచ్చ రంగు, గుండ్రటి దీపాలు, గేరు రాడ్ కింద కాకుండా స్టీరింగు పక్కన ఉంటుంది. ముప్పై ఒక్క ఏళ్లు ఆ కారుని అరగదీసింది. ఉద్యోగం అయిపోయాక కూడా పాత ఇళ్లకి వెళ్లి తల్లుల్నీ పిల్లల్నీ చూసొచ్చేది. పక్క సీట్లో నన్నెప్పుడూ ఎక్కించుకునేది కాదు, "మీరు మాట్లాడుతుంటే నాకు ఇంజను వినపడదు" అనేది. కోశాధికారి గారూ, గడియారం తరవాత చూద్దురు గాని, ఇది మీ గురించే. మీరు పుట్టిన రోజు మధ్యాహ్నం మీ ఇంటికి వస్తుంటే ఆ కారు రెండో గేరులో ఇరుక్కుపోయింది. ముందుకీ మారదు, వెనక్కీ మారదు. తొమ్మిది కిలోమీటర్లు ఆ రెండో గేరులోనే లాక్కొచ్చింది. మీరు కేరుమనే సరికి బయట రేడియేటరు పొగలు కక్కుతోందట. ఆ పూట మీకంటే కారే ఎక్కువ ఏడ్చిందని మా ఆవిడ ఇప్పటికీ అంటుంది. (నవ్వులు)

నాలుగేళ్ల కిందట ఆవిడ వెన్నుకి ఆపరేషన్ అయింది. నొప్పి పోయింది. పోతూ పోతూ ఎడమ పాదాన్ని కూడా పట్టుకుపోయింది. పాదం పైకి లేవదు, కర్ర పట్టుకుని ఈడ్చుకుంటూ నడుస్తుంది. కారులో ఎడమ కాలికి ఉన్న పని ఒక్కటే, క్లచ్ తొక్కడం. అది తొక్కలేకపోతే గేరు పడదు. గేరు పడకపోతే కారు షెడ్డులోంచి కదలదు.

అప్పుడు ఆ కారు నా చేతికొచ్చింది. నేనేం చేశాను? తుడిచాను. (నవ్వులు) అంతకుముందు రోజూ రోడ్డెక్కే కారు కనక మట్టీ గీతలూ ఉండేవి, మన పోటీల్లో ఎప్పుడూ మూడో స్థానం దాటలేదు. ఆవిడ కాలు పడిపోయాక కారు మెరిసింది. వరసగా మూడేళ్లు మొదటి కప్పు నాదే. ఆ కప్పులు మూడూ ఇంట్లో వరసగా పేర్చాను, ఆవిడ రోజంతా కూచునే కిటికీకి ఎదురుగా.

మంచినీళ్లిప్పిస్తారా? ఆ, చాలు.

పక్క సీట్లో కూచో, తిప్పి తీసుకొస్తానంటే ఒక్కసారీ ఎక్కలేదు. బస్సులో వెళ్తాననేది. బస్సు మెట్లు ఎక్కడం కష్టమై అదీ మానేసింది. ఈ ఏడాది మొదట్లో ఒక పొద్దున కాఫీ తాగుతూ అంది:

"ఏమండీ, దానికి ఆటోమేటిక్ గేరుబాక్సు పెట్టించుకోవచ్చట. ఇక క్లచ్ అక్కర్లేదట. మెకానిక్కు చెప్పాడు."

"ఏ కారుకి?"

"ఏ కారుకేమిటి, మనకేమన్నా పది కార్లున్నాయా?"

నేను నవ్వాను. ఆవిడ నవ్వలేదు. నేను గొంతు సవరించుకుని, మీ ముందు మాట్లాడే గొంతుతో, "అది చారిత్రక వస్తువు. అందులో చెయ్యి పెట్టకూడదు" అన్నాను.

"నాకూ అరవై ఆరొచ్చాయి. నా వెన్నులో రెండు ప్లేట్లూ ఆరు స్క్రూలూ బిగించారు. అప్పుడు కాగితం మీద సంతకం పెట్టింది మీరే. నా మూలస్వరూపం సంగతి అప్పుడెవరూ ఎత్తలేదే?"

జవాబు లేనప్పుడల్లా నేను నియమావళి తీస్తానని మీకు తెలుసు. తీసి, గేరుబాక్సు నియమం మొదటినుంచి చివరిదాకా చదివాను. ఆవిడ పూర్తిగా విని, కాఫీ కప్పు కడిగి బోర్లించి లోపలికి వెళ్లిపోయింది. పదకొండు రోజులు మాట్లాడలేదు. వేళకి నా మందులు తెచ్చి ముందు పెట్టేది, మాట మాత్రం లేదు.

పన్నెండో రోజు తుడిచే గుడ్డ కోసం షెడ్డుకి వెళ్లాను. తలుపు ఓరగా వేసి ఉంది. ఆవిడ డ్రైవరు సీట్లో కూచుని ఉంది. ఎడమ మోకాలి కింద రెండు చేతులూ వేసి కాలుని ఎత్తి, పాదాన్ని తీసుకెళ్లి క్లచ్ మీద పెట్టేది. మోకాలి మీద బరువంతా వేసి నొక్కేది. పెడలు సగం దిగేది, పాదం జారిపోయేది. మళ్లీ ఎత్తేది. ఒక్కసారి మాత్రం పెడలు పూర్తిగా దిగింది. ఆ సంతోషంలో గేరు వెయ్యడానికి ఒక చెయ్యి తీసేసరికి అది టప్పున లేచి కాలుని తన్నింది. కాసేపు కాలు రుద్దుకుంది. మళ్లీ ఎత్తింది.

నేను గుడ్డ తీసుకోకుండానే వెనక్కి వచ్చేశాను. ఆ మధ్యాహ్నమే మెకానిక్కు గారి షెడ్డులో ఉన్నాను.

"ఏం కార్యదర్శి గారూ, మళ్లీ ఎవరి హారనన్నా తేడాగా మోగిందా?" అన్నారాయన. సంగతి చెప్పాను. ఆయన చాలాసేపు చేతులు తుడుచుకున్నారు. "పాత ఇంజనుకి కొత్త గేరుబాక్సు నేరుగా కూచోదండీ, రెంటి బోల్టులూ కలవవు. మధ్యలో రెంటినీ కలిపే పలక ఒకటి కావాలి. ఈ మోడలుకి అది ఎక్కడా అమ్మరు. కొలతలు తీసి చేయించాలంటే ఆర్నెల్ల పని. అయినా మీ అదృష్టం, అలాంటి పలక ఒకటి తయారై ఉంది."

"ఎవరి దగ్గర?"

"బేకరీ ఆయన దగ్గర."

కొత్త సభ్యులకి ఈ బేకరీ ఆయన ఎవరో చెప్పాలి. పాతవాళ్లు తలొంచుకోనక్కర్లేదు, ఆ తప్పులో పెద్దవాటా నాదే. ఆయనకీ ఇలాంటి కారే ఉండేది. పొయ్యి ముందు నుంచుని నుంచుని మోకాలు అరిగిపోయింది. ఆరేళ్ల కిందట, ఆటోమేటిక్ చేయించుకోనివ్వండి, సంఘంలో మాత్రం ఉండనివ్వండి అని అర్జీ పెట్టుకున్నాడు. నేను ఏడు పేజీల జవాబు రాశాను. అందులో "మోకాలి నొప్పి వ్యక్తిగత విషయం, గేరుబాక్సు చారిత్రక విషయం" అని ఒక వాక్యం. అది సభలో చదివినప్పుడు మీరంతా చప్పట్లు కొట్టారు. నేను కొంచెం వంగి స్వీకరించాను కూడా. అప్పటికే పలక చేయించుకుని ఉన్న ఆ మనిషి దాన్ని అటకెక్కించాడు. కారు అమ్మేశాడు, సంఘం మానేశాడు.

నేను వెళ్లేసరికి బేకరీ కిటకిటలాడుతోంది. నన్ను చూసి ఆయన బల్ల సొరుగు లాగి, మడతలు నలిగిన కాగితాలు తీశాడు. నా ఉత్తరమే.

"పలక కావాలట కదా, మెకానిక్కు ఫోన్ చేశాడు. ముందు ఇది చదివిపెట్టండి. నాకు అర్థం కాని మాటలు చాలా ఉన్నాయి ఇందులో. పైకి చదవండి, అందరూ వింటారు."

చదివాను. రొట్టె కోసం వరసలో నుంచున్న ఒకావిడ రెండో పేజీ దగ్గర "ఎవరండీ ఈ ఉత్తరం రాసిన మహానుభావుడు?" అని అడిగింది. "రాసినాయనే చదువుతున్నారమ్మా, కదిలించకండి" అన్నాడు బేకరీ ఆయన. (నవ్వులు) మూడో పేజీలో 'సంప్రదాయం' అన్న మాట తప్పు రాసి ఉంది. రాసినప్పుడు నా కంటికి ఆనలేదు. నాలుగో పేజీ మొదట్లో మోకాలి వాక్యం వచ్చింది. అక్కడ ఆపేసి కాగితాలు మడిచాను.

"ఎవరి కోసం?" అన్నాడాయన.

"మా ఆవిడ కోసం. ఎడమ కాలు."

"ఆవిడ బాగా నడిపేది" అన్నాడు. లోపలికెళ్లి పలక తెచ్చి, రొట్టె చుట్టే కాగితంలోనే చుట్టి, పైన ఆ ఉత్తరం పెట్టి ఇచ్చాడు. "మిగతాది ఇంటి దగ్గర చదువుకోండి." క్షమించమని అడగడానికి నోరు తెరిచాను. "వెనక జనం ఉన్నారు, జరగండి" అన్నాడు.

ఆరు వారాలు పట్టింది పని. పాత గేరుబాక్సు దించి గోనెపట్టాలో చుట్టి దాచారు. కొత్తది లావుగా ఉంటుంది కనక కారు నేల మధ్యలో ఉబ్బుగా ఉండే చోటు కోసి వెడల్పు చెయ్యాల్సి వచ్చింది. ఆ కోత చప్పుడు వినలేక నేను వీధి చివరికెళ్లి నుంచున్నాను. మా ఆవిడ మాత్రం పక్కనే కుర్చీ వేయించుకుని చూసింది, "ఇంకొంచెం, ఇంకొంచెం, అయిపోయింది" అని మెకానిక్కుకి ధైర్యం చెబుతూ. (నవ్వులు) గేరు రాడ్ స్టీరింగు పక్కనే ఉంది, పైకి చూస్తే ఏ తేడా లేదు. చివర్లో మెకానిక్కు గారు క్లచ్ పెడలు ఊడదీసి పక్కన పడేశారు. ఇక బ్రేకూ యాక్సిలరేటరూ, అంతే.

మిత్రులారా, ఇక్కడిదాకా నేను చేసినదాంట్లో నాకు సిగ్గుపడాల్సిందేమీ కనపడదు. ఇక్కణ్నుంచి చెప్పేదే కష్టం.

వారంలో మన పోటీ ఉంది. నాలుగో కప్పు. "ఆ పెడలు మళ్లీ బిగించండి" అన్నాను.

"దేనికి? కింద దేనికీ తగలదు."

"కనిపించడానికి."

"ఎవరైనా నిజమనుకుని తొక్కితే?"

"ఎవరు తొక్కుతారు? తాళం నా జేబులో ఉంటుంది."

ఒక స్ప్రింగు పెట్టి బిగించారు. ఉత్తుత్తి క్లచ్. మా ఆవిడ దాన్ని కర్రతో పొడిచి చూసింది. "అంటే గేరుబాక్సు నాకోసం, పెడలు మీ సంఘం కోసం."

"ఒక్క వారం. పోటీ అయ్యేదాకా నువ్వు నడపకు, ఎవరి కంటనైనా పడితే మొదటికే మోసం."

"నాలుగేళ్లు ఆగాను" అంది. నేను థాంక్స్ చెప్పాను. నిజంగానే చెప్పాను. నవ్వకండి, ఆవిడా నవ్వలేదు.

ఆ రోజు జరిగింది మీరంతా చూశారు గానీ, ఎందుకు జరిగిందో తెలియదు. కార్యదర్శి కారుని అధ్యక్షులవారే స్వయంగా నడిపి పరీక్షించాలని పద్నాలుగో నియమం. పక్షపాతమని ఎవరూ అనకూడదని నేనే రాశాను. ఏటా డాక్టరు గారు "మీ కారుకి పరీక్ష ఏమిటండీ" అని బానెట్టు మీద తట్టి మార్కులు వేసేవారు. ఈసారి పక్కన ముఖ్య అతిథి ఉన్నారు. డాక్టరు గారికి నిక్కచ్చితనం పుట్టుకొచ్చింది. తాళం అడిగారు. ఇవ్వనంటే ఎందుకివ్వరంటారు. ఇచ్చాను.

కూచున్నారు. కాలరుకి మైకు తగిలించుకుని, "చూడండి, ఈ రోజుల్లో పిల్లలకి క్లచ్ అంటే ఏమిటో తెలియదు" అని అతిథికి వివరిస్తూ, ఎడమ కాలితో దాన్ని నేలకి తొక్కిపట్టి, పాత అలవాటు ప్రకారం రాడ్‌ని తన వైపు లాక్కుని కిందికి దింపారు. ఆటోమేటిక్‌లో పైనుంచి దింపితే తగిలే మొదటి మెట్టు రివర్సు. కారు వెనక్కి బయలుదేరింది. క్లచ్ తొక్కితే కారు ఆగుతుందని నమ్మిన మనిషి కనక మరింత గట్టిగా తొక్కారు. కుడికాలు కంగారులో యాక్సిలరేటరు మీద పడింది. వెనక బహుమతుల బల్ల. ముఖ్య అతిథి ఆ వయసులో అంత దూరం గెంతగలరని ఆయనా అనుకోలేదు. ఇరవై ఎనిమిది కప్పులు మైదానమంతా దొర్లాయి. ఎలాగో బ్రేకు దొరికింది, కారు ఆగింది. దేవుడి దయవల్ల ఎవరికీ గోరంత దెబ్బ తగల్లేదు. ఆ నిశ్శబ్దంలో మైకులోంచి డాక్టరు గారి గొంతు వినపడింది: "ఈ కారుకి క్లచ్ లేదు!"

కుర్చీల్లోంచి మా ఆవిడ లేచింది. కర్రతో కప్పుల్ని పక్కకి నెట్టుకుంటూ వచ్చి తలుపు తీసింది. "దిగండి డాక్టరు గారూ."

"అమ్మా, ఇది ప్రమాదం, ఈ కారు బాగాలేదు."

"కారు బాగానే ఉంది. మీరు లేని పెడలు తొక్కారు."

దిగారు. ఆవిడ కర్ర వెనక సీట్లో పడేసి, ఎడమ కాలుని రెండు చేతులతో ఎత్తి లోపల పెట్టుకుంది. నేను పరుగెత్తుకెళ్లి అవతలి తలుపు పట్టుకున్నాను. లోపల్నుంచి గడియ వేసింది. గేటు దాకా నెమ్మదిగా వెళ్లింది. గేటు దాటాక నెమ్మదిగా వెళ్లలేదు.

తరవాత మన విచారణ సంఘం కూచుంది. ఆ పెడలు అసలు కారుదే కదా, కాబట్టి దానికి మార్కులు ఇవ్వాలా వద్దా అని రెండు గంటలు చర్చించింది. (నవ్వులు) చివరికి నన్ను గౌరవంగా సాగనంపాలని తేల్చారు. అధ్యక్షా, శిక్ష సరైనదే, కారణం ఒక్కటే తప్పు రాశారు. గేరుబాక్సు మార్చినందుకు పంపుతున్నామన్నారు. నన్ను పంపాల్సింది పెడలు మళ్లీ బిగించినందుకు. ఇంకో మాట. ఆ తీర్మానం మీద సంతకం చేసిన ఏడుగురిలో నలుగురు ఈ నెల రోజుల్లో విడివిడిగా నాకు ఫోన్ చేసి మెకానిక్కు గారి నంబరు అడిగారు, ప్రతి ఒక్కరూ "మా బావమరిది కోసం" అని. బావమరుదుల మోకాళ్లు ఇంత అధ్వాన్నంగా ఉన్నాయని నాకిప్పటిదాకా తెలియదు. (చాలాసేపు నవ్వులు) ఆయన ఇక్కడే ఉన్నారు, నేరుగా అడగండి. తలుపు దగ్గర నుంచున్నవారే.

ఒక్క సంగతి మాత్రం మీరెవరూ చూడలేదు, అప్పటికే అంతా వెళ్లిపోయారు. మూడుంపావుకి వెళ్లిన మనిషి ఐదున్నరకి తిరిగొచ్చింది. ఖాళీ మైదానంలో నేనొక్కణ్నే ఉన్నాను. కారు నిండా దుమ్ము, ముందు అద్దం మీద పురుగులు. నా పక్కన ఆపి, వంగి, గడియ తీసింది. "ఎక్కండి."

ఎక్కాను. చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు.

"ఎక్కడికెళ్లావు?"

"నా ఇళ్లకి. నాలుగిళ్లు తిరిగాను. నా చేతుల్లో పుట్టిన పిల్లకి పిల్ల పుట్టింది, ఎత్తుకున్నాను."

"ఏమన్నారు?"

"ఇన్నాళ్లూ ఏమైపోయావమ్మా అన్నారు. కారు రిపేరులో ఉందన్నాను."

"నాలుగేళ్లా?"

"గేరుబాక్సుకి ఆరు వారాలే. మిగతాదంతా మీకు పట్టింది."

ఆవిడ రాడ్ దింపింది, కారు కదిలింది. దారిపొడుగునా నేను నోరెత్తలేదు. జీవితంలో మొదటిసారి ఆవిడకి ఇంజను పూర్తిగా వినపడి ఉంటుంది.

పందొమ్మిదేళ్లు నన్ను ఓర్చుకున్నందుకు మీకందరికీ, ఇవాళ ఓపిగ్గా కూచున్నందుకు మరీ మరీ కృతజ్ఞతలు. నా వల్ల నొచ్చుకున్నవాళ్లు మన్నించండి. మన్నించలేనివాళ్లు మానెయ్యండి, అదీ న్యాయమే. ఇక సెలవు.